సీసాల ఎన్ని చెంచాల చక్కెర? లెక్క పోరగాండ్లతోనే చేపిద్దాం

మన మాటల ఒక విచిత్రం ఉన్నది. డబ్బాల ఉన్నదాన్ని చక్కెర అంటం. మనిషికి వచ్చిన రోగాన్ని షుగర్ అంటం. రెండు మాటలకు అర్థం ఒక్కటే అయినా మన మనసుల మాత్రం అవి రెండు వేరు వేరు సంగతులు. "మా బాపుకు షుగర్ ఉన్నది, చాయల చక్కెర ఎయ్యకున్రి" అని చెప్పే పోరడే, దుకాణం కాడ ఇరువై రూపాయల సీసా మూత తీసి గటగట తాగుతడు. అండ్ల చక్కెర ఉన్నదని వానికి తెల్వక కాదు, తియ్యగ ఉన్నది కదా. ఎంత ఉన్నదో తెల్వదు. ఈ ముచ్చట అంతా ఆ 'ఎంత' గురించే.

ఖానాపూర్ బస్టాండు కాడ నిలబడి చూడున్రి. బడి ఇడిచినంక, అంగడి నాడు, పెండ్లిల సీజన్ల పోరగాండ్ల చేతులల్ల ఏమున్నదో చూడున్రి. ఎర్రది, నల్లది, పచ్చది, మామిడిపండు బొమ్మది. ఇటు కడెం దిక్కు పోయినా, అటు జన్నారం, ఉట్నూరు దిక్కు పోయినా ఇదే కథ. వానకాలంల వాగు పొంగితే అంబులెన్సు పోలేని గూడేలు ఇంకా ఉన్నయ్. ఆ గూడేలకు కూల్‌డ్రింకు సీసా మాత్రం ఎప్పుడో చేరింది. చిన్న దుకాణపోడు అమ్మేది ఇంత, ఫ్రిజ్ మాత్రం అంత. చానా కాడ ఆ ఫ్రిజ్ కంపెనీ ఇచ్చిందే, దాని మీద కంపెనీ బొమ్మే ఉంటది. దుకాణం అన్న మనకు శత్రువు కాడు. ఏది సల్లగ ఉంటే అదే అమ్ముడుపోతది, అది ఆయన బతుకు. కాబట్టి ఆయన మీద పడి లాభం లేదు. చేతుల సీసా పట్టుకున్న పిల్లకు లెక్క రావాలె.

ముందుగాల లెక్క నేర్చుకుందాం

ఈ లెక్కకు డాక్టర్ చదువు అక్కెరలేదు. ఐదో తరగతి గుణకారం, భాగహారం వస్తే చాలు.

సీసా ఎనుకకు తిప్పున్రి. చిన్న అక్షరాలతోని ఒక పట్టిక ఉంటది. అండ్ల 'టోటల్ షుగర్స్' అని ఒక లైను, 'యాడెడ్ షుగర్స్' అని ఇంకొక లైను ఉంటయ్. యాడెడ్ అంటే కంపెనీ కలిపింది. ఆ అంకె మొత్తం సీసాకు కాదు, 100 మిల్లీలీటర్లకు. మన పోరగాండ్లు, పెద్దోళ్లు కూడా మోసపోయేది గిక్కడనే. "10 గ్రాములేనా" అనుకుంటరు. సీసాల 250 ఉంటది, 600 ఉంటది.

లెక్క గిట్ల చెయ్యాలె. లేబుల్ మీద అంకెను సీసా మిల్లీలీటర్లతోని గుణించాలె, 100తోని భాగించాలె. గ్రాములు వస్తయ్. దాన్ని 4తోని భాగిస్తే చాయ చెంచాలు వస్తయ్. ఎందుకంటే నున్నగ కొలిచిన చిన్న చెంచెడు చక్కెర దగ్గరదగ్గర 4 గ్రాములు.

ఉదాహరణకు లేబుల్ మీద 10.6 అని ఉన్నదనుకుందాం. కోలాలల్ల ఆ చుట్టుపక్కలనే ఉంటది. 250 మిల్లీలీటర్ల సీసాల 26.5 గ్రాములు, అంటే ఆరున్నర చెంచాలు. 600 సీసాల 63.6 గ్రాములు, అంటే దాదాపు 16 చెంచాలు. పెండ్లిల బల్ల మీద పెట్టే రెండుంబావు లీటర్ల పెద్ద సీసాల 238 గ్రాములు, పావుకిలకు జర తక్కువ. రోజుకొక 250 సీసా తాగే పిల్లగాడు ఏడాదిల తొమ్మిదిన్నర కిలోల పైన చక్కెర ఒక్క సీసాలకెల్లే తాగుతడు. సీసా ఇరువై రూపాయలైతే ఏడాదికి 7,300 రూపాయలు. ఒక కూలి ఇంట్ల అది ఎన్ని దినాల రెక్కల కష్టమో ఆ లెక్క కూడా పిల్లలతోనే చేపియ్యాలె.

మరి రోజుకు ఎంత తింటే ఫరవాలేదు? మన హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. ఆ సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2024 మే నెలల దేశానికంతటికీ ఆహార మార్గదర్శకాలు ఇచ్చినయ్. కలిపిన చక్కెర దినానికి 25 గ్రాములు దాటొద్దని అండ్ల ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లనే చెప్పింది: మనిషికి అందే శక్తిల చక్కెర వాటా 10 శాతం లోపట ఉండాలె, 5 శాతం లోపట ఉంటే ఇంకా మంచిది. రెండేండ్ల లోపు పిల్లకు కలిపిన చక్కెర అసలే వద్దు.

25 గ్రాములంటే ఆరు చెంచాలు. అంటే ఒక్క చిన్న సీసాతోనే ఆ దినం కోటా ఒడిసిపోయింది. పొద్దుగాల చాయ, బిస్కెట్లు, సాయంత్రం మిఠాయి ఇంకా లెక్కల రాలేదు.

తాగే చక్కెర గమ్మున దిగుతది

"మా తాత బెల్లం తిన్నడు, చెరుకు నమిలిండు, తొంభై ఏండ్లు బతికిండు కదా" అని అడిగేటోళ్లు ఉంటరు. అడగాలె కూడా. చక్కెర మనకు కొత్తది కాదు. బోధన్‌ల నిజాం షుగర్స్ 1937ల పుట్టింది. గోదావరి అవతల మెట్‌పల్లి కాడ ముత్యంపేట ఫ్యాక్టరీ 2015 దాకా నడిచింది. ఈ ప్రాంతం చెరుకు పండించింది, బండ్లల్ల నింపి ఫ్యాక్టరీకి తోలింది. కానీ గడ నమిలితే దవడలు నొస్తయ్. ఒక గడకు అర్ధగంట పడుతది, పీచు కడుపు నింపుతది. సీసా దింపుడుకు రెండు నిమిషాలు చాలు.

నమిలి తిన్నప్పుడు "ఇగ సాలు" అని కడుపు చెప్తది. తాగిన చక్కెరకు కడుపు గట్ల చెప్పదు. ఆరున్నర చెంచాల చక్కెర లోపటికి పోయినంక కూడా ఆ పిల్ల మామూలు లెక్కనే అన్నం తింటది. లేకుంటే కూల్‌డ్రింకుతోనే ఆకలి చంపుకొని పప్పు, కూర, గుడ్డు పక్కకు నూకుతది. ఒక ఇంట్ల పిల్ల లావైతది, ఇంకో ఇంట్ల పిల్ల బక్కగ, రక్తం లేకుండ ఉంటది. కారణం మాత్రం ఒకటే సీసా కావచ్చు. మన ఏజెన్సీల ఈ రెండోది ఎక్కువ పట్టించుకోవాలె.

చక్కెర లోపటికి పోతే సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు అయితది. గ్లూకోజు ఒళ్లంత వాడుకుంటది. ఫ్రక్టోజును ఎక్కువగ కాలేయమే సూసుకోవాలె. ఒక్కసారే మస్తుగ వచ్చి పడితే కాలేయం దాన్ని కొవ్వు చేసి దాస్తది. రోజూ గిట్లనే అయితే ఒంట్ల ఇన్సులిన్ మాట చెల్లకుంట అయితది. చక్కెర తిన్నోళ్లందరికీ షుగర్ వస్తదని ఎవరన్నా చెప్తే అది అబద్ధం. వంశం, పని, బరువు, తిండి అన్నీ కలుస్తయ్. కానీ తీపి డ్రింకులు రోజూ తాగేటోళ్లకు ఆ ముప్పు పెరుగుతదని మాత్రం గట్టిగనే తేలింది. 2016–18ల దేశమంతట పిల్లల మీద చేసిన జాతీయ పోషకాహార సర్వేల, 10 నుంచి 19 ఏండ్ల పిల్లలల్ల పదిమందిల ఒకరికి షుగర్ రాకముందు దశ కనబడ్డది. ఇది పిల్లల సంగతి, ముసలోళ్ల సంగతి కాదు.

పండ్ల సంగతి వేరే ఉన్నది. కోలా మస్తు పుల్లగ ఉంటది, దగ్గరదగ్గర నిమ్మరసమంత. ఆ పులుపు నాలుకకు తెల్వకుండ చక్కెర దాస్తది. చక్కెర పంటి మీది పురుగుకు మేత, పులుపు పంటి పైపొరను కరిగిస్తది. రెండూ ఒకే గుక్కల పోతయ్.

దీన్ని బడిల చూపియ్యవచ్చు. ఒక గిలాసల 250 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యున్రి. పిల్లలతోనే ఆరున్నర చెంచాల చక్కెర లెక్కబెట్టుకుంట ఏపియ్యున్రి. నాలుగో చెంచా కాడనే "సార్, సాలు సార్" అంటరు. కలిపి ఒక్కొక్కరికి నాలుక మీద చుక్క ఏసి చూపియ్యున్రి. మొహం చిట్లిస్తరు. ఇప్పుడు అండ్ల నిమ్మకాయ పిండి, మంచుగడ్డ ఏసి మళ్ల చుక్క ఇయ్యున్రి. "ఇప్పుడు మంచిగున్నది" అంటరు. చక్కెర ఒక్క గింజ తగ్గలేదు. పులుపు, సల్లదనం కలిసి నాలుకను మోసం చేసినయ్. కూల్‌డ్రింకు వేడెక్కితే తాగబుద్ధి కాకపోవుడుకు కారణం ఇదే. గంట సేపు చెప్పే పాఠం కన్నా ఈ పది నిమిషాల ఆట ఎక్కువ పని చేస్తది.

మామిడి బొమ్మ, బలం డబ్బా, కరెంటు సీసా

నల్లది మంచిది కాదని చానా మంది తల్లులకు తెలుసు. అందుకే "అది వద్దు బిడ్డా, మామిడిది తాగు" అంటరు. పండు బొమ్మ చూసి పండే అనుకుంటరు. మన దేశ నిబంధన ప్రకారం పండ్ల డ్రింకుల పండు రసం 10 శాతం ఉంటే చాలు. నిమ్మకాయదైతే 5 శాతమే చాలు. మిగిలింది ఏందో లేబుల్ చెప్తది. లేబుల్ మీద సరుకులను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరుసగ రాయాలె, అది చట్టం. మొదటిది నీళ్లు, రెండోది చక్కెర అయితే ఆ సీసా అసలు కథ తెలిసిపోయింది. 2024 జూన్‌ల ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంకొక మాట చెప్పింది. చిక్కగ చేసిన రసంల నీళ్లు కలిపి చేసినదాని మీద "100 శాతం పండ్ల రసం" అని రాసుడు తీసెయ్యాలని కంపెనీలకు ఆదేశమిచ్చింది.

సర్కారు పన్ను కూడా మనకు ఈ తేడా చెప్పదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గ్యాస్ డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం అయ్యింది. గ్యాస్ లేని పండ్ల డ్రింకుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పన్ను గ్యాస్‌ను చూస్తున్నది, చక్కెరను చూస్తలేదు. బ్రిటన్‌ల 2018 ఏప్రిల్ నుంచి పద్ధతి వేరే. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు దాటితే ఒక పన్ను, 8 దాటితే ఇంకా ఎక్కువ. పన్ను పడకుండ చూసుకోవాలని చానా కంపెనీలు అక్కడ చక్కెరే తగ్గించినయ్. అక్కడ తగ్గించగలిగినోళ్లు ఇక్కడ ఎందుకు తగ్గియ్యరని మనం అడగాలె.

పాలల్ల కలిపే పొడి డబ్బాల సంగతి కూడా గిట్లనే ఉన్నది. 2023 ఏప్రిల్‌ల రేవంత్ హిమత్‌సింకా అనే యువకుడు బోర్న్‌విటా డబ్బా ఎనుక ఉన్న చక్కెర అంకె చదివి చిన్న వీడియో పెట్టిండు. కంపెనీ లీగల్ నోటీసు ఇచ్చింది, వీడియో తీసెయ్యాల్సి వచ్చింది. కానీ మాట అప్పటికే ఊరూరు తిరిగింది. పిల్లల హక్కుల కమిషన్ పట్టించుకున్నది. కంపెనీ తర్వాత చక్కెర కొంత తగ్గించింది. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య శాఖ, ఆన్‌లైన్ అమ్మకాలల్ల ఇసొంటి డ్రింకులను 'హెల్త్ డ్రింక్' వరుసల పెట్టొద్దని చెప్పింది. మన ఆహార చట్టంల 'హెల్త్ డ్రింక్' అనే మాటకు నిర్వచనమే లేదు. ఫోను పట్టుకున్న ఒక పిల్లగాడు లేబుల్ చదివితే ఇంత కదిలింది. ఈ మాట మీరు జర యాది పెట్టుకోవాలె.

ఇగ ఎనర్జీ డ్రింకు. ఇండ్ల చక్కెరకు తోడు కెఫీన్ ఉంటది. మన నిబంధన ప్రకారం ఇసొంటి డ్రింకుల లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 సీసాల 36 నుంచి 75 మిల్లీగ్రాములు. పిల్లలకు, గర్భిణీలకు, పాలిచ్చే తల్లులకు మంచిది కాదని ఆ సీసా మీదనే రాయాలని రూలు ఉన్నది. రాస్తున్నరు కూడా. కానీ చీమ తలకాయంత అక్షరాలతోని, ఇంగ్లీషుల రాస్తున్నరు. ఆరో తరగతి పోరడు గుండె దడదడ కొట్టుకుంటుంటే, రాత్రి నిద్ర రాకుంటే, దానికీ సీసాకూ లంకె ఉన్నదని ఎట్ల తెలుస్తది? లిథువేనియా దేశం 2014లనే 18 ఏండ్ల లోపోళ్లకు ఇవి అమ్ముడు బంద్ చేసింది. పోలండ్ 2024 జనవరి నుంచి బంద్ చేసింది. మన కాడ ఇంకా చిన్న అక్షరాల కాడనే ఆగినం.

ఓఆర్ఎస్ పేరు మీద జరిగిన కథ

అన్నిట్ల పెద్ద పాఠం మన హైదరాబాద్‌లనే ఉన్నది.

వానలు పడంగనే మన దిక్కు వాంతులు, విరేచనాలు మొదలైతయ్. అసొంటప్పుడు పిల్లను కాపాడేది ఓఆర్ఎస్. 1971ల బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు శరణార్థుల శిబిరంల కలరా ప్రబలితే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాపి జనాన్ని బతికిచ్చిండు. 1978ల లాన్సెట్ అనే వైద్య పత్రిక, ఇది ఈ శతాబ్దంలనే అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చని రాసింది. అంత గొప్ప మందు పైసల ఖర్చు తోని తయారైతది.

దీని కిటుకు కొలతల ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్. ఆ జర్రంత గ్లూకోజు ఉప్పును చెయ్యి పట్టుకొని పేగు లోపటికి తీస్కపోతది, ఉప్పు ఎంబడి నీళ్లు పోతయ్. గ్లూకోజు కొలత దాటితే కథ ఎదురు తిరుగుతది. పేగుల పేరుకున్న చక్కెర ఒంట్ల ఉన్న నీళ్లనే బయటికి గుంజుతది, విరేచనాలు ఇంకా ఎక్కువైతయ్. అంటే విరేచనాలైతున్న పిల్లకు తీపి డ్రింకు తాపితే మందు కాదు, ఎండిపోతున్న చెట్టుకు వేర్లకాడ గండి కొట్టినట్టు.

మరి మన మెడికల్ షాపులల్ల ఏం అమ్మిన్రు? పేరుల ఓఆర్ఎస్ అనే అక్షరాలు పెట్టుకొని, రుచి రుచిగ, రంగు రంగుగ డబ్బాలు వచ్చినయ్. అసలు ఓఆర్ఎస్ 200 మిల్లీలీటర్లల్ల గ్లూకోజు మూడు గ్రాములు కూడా ఉండదు. ఈ డబ్బాలల్ల చక్కెర దానికి ఎన్నో రెట్లు ఉండె. తల్లులు పేరు చూసి కొన్నరు. హైదరాబాద్‌ల పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద సుమారు ఎనిమిదేండ్లు కొట్లాడిన్రు. వీడియోలు పెట్టిన్రు, ఉత్తరాలు రాసిన్రు, తెలంగాణ హైకోర్టుల ప్రజాప్రయోజన వ్యాజ్యం ఏసిన్రు. నడుమల ఎఫ్ఎస్ఎస్ఏఐ, "ఇది డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఓఆర్ఎస్ కాదు" అని ఒక లైను రాస్తే ఆ పేరు వాడుకోవచ్చని కంపెనీలకు వెసులుబాటు ఇచ్చింది. ముందట పెద్ద అక్షరాలతోని పేరు, మూలకు చిన్న అక్షరాలతోని కాదనుడు. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ వెసులుబాటు వాపస్ తీసుకున్నది. అసలు కొలత లేని ఏ డ్రింకు మీద కూడా ఓఆర్ఎస్ అనే మాట ఉండొద్దని చెప్పింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కినయ్, అయినా ఆ మాట నిలబడ్డది.

మనకు దీనిల రెండు సంగతులు ఉన్నయ్. ఒకటి, పేరు మారినంత మాత్రాన డబ్బా మారదు. అదే డబ్బా ఇంకో పేరుతోని పక్క అరల కూసోవచ్చు. కొనే ముందు పొడి పాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదా చూడున్రి. ఆశ అక్క కాడ, సబ్ సెంటర్ల, పీహెచ్‌సీల ఓఆర్ఎస్ పాకెట్లు, జింకు గోలీలు పైసలు లేకుండ ఇస్తరు. రాత్రిపూట ఏదీ దొరకకపోతే కాచి సల్లార్చిన లీటరు నీళ్లల్ల నున్నగ కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలె. ఆరు చెంచాలంటే 24 గ్రాములు కదా, 13.5 కన్నా ఎక్కువ కాదా అని హుషారు పిల్ల అడుగుతది. చక్కెర విరిగితే సగమే గ్లూకోజు అయితది, అందుకే ఆ కొలత. ఉప్పు ఎక్కువైనా ప్రమాదమే, కాబట్టి చేతి అంచనా వద్దు, చెంచానే. పిల్ల తాగలేకున్నా, కండ్లు లోపటికి పోయినా, మూత్రం రాకున్నా ఆగొద్దు, దవాఖానకు తీస్కపోవాలె.

రెండోది, ఆరున్నర చెంచాలు ఒక్క గిలాసల ఉంటే కూల్‌డ్రింకు, ఆరు చెంచాలు ఉప్పుతోని లీటరు నీళ్లల్ల ఉంటే మందు. చక్కెర అదే. కొలతే తేడా. పోరగాండ్లకు చక్కెర మీద కోపం నేర్పుడు కాదు, కొలత నేర్పుడు అని నేను అనేది అందుకే.

బడిల ఒక చక్కెర బోర్డు

2025 మే నెలల సీబీఎస్ఈ తన బడులన్నిటికీ ఒక ఆదేశం ఇచ్చింది: బడిల 'షుగర్ బోర్డు' పెట్టాలె. రోజుకు ఎంత చక్కెర తినొచ్చు, ఏ చిరుతిండిల, ఏ డ్రింకుల ఎంత ఉన్నది, ఎక్కువైతే ఏమైతది, బదులు ఏం తినాలె అని ఆ బోర్డు మీద రాయాలె. 4 నుంచి 10 ఏండ్ల పిల్లలు తీసుకునే కేలరీలల్ల 13 శాతం, 11 నుంచి 18 ఏండ్లోళ్లల్ల 15 శాతం చక్కెరతోనే వస్తున్నదని, ఉండాల్సింది 5 శాతమని ఆ లేఖల రాసిన్రు.

ఖానాపూర్ దిక్కు మన పిల్లలు చదివేది ఎక్కువగ జిల్లా పరిషత్ బడులల్ల, ఆశ్రమ పాఠశాలలల్ల, గురుకులాలల్ల, కస్తూర్బా బడులల్ల. ఇవి సీబీఎస్ఈ కిందికి రావు. వస్తే ఏంది, రాకపోతే ఏంది? ఒక చార్టు, గమ్ సీసా, స్కెచ్ పెన్ను ఉంటే బోర్డు తయారు. ఊరి దుకాణాల కాడ తాగి పారేసిన ఖాళీ సీసాలు పిల్లలతోనే ఏరిపియ్యున్రి. ఒక్కో సీసా లేబుల్ చదివి లెక్క చేపియ్యున్రి. ఎన్ని చెంచాలు వస్తే అన్ని చెంచాల చక్కెర చిన్న కవర్ల పోసి ఆ సీసా పక్కన కట్టి ఏలాడదియ్యున్రి. తెలుగుల, గోండిల, లంబాడీల పేర్లు రాపియ్యున్రి. సదువు రాని అవ్వ కూడా ఆ కవరు చూస్తే సమజైతది.

ఇంకో లెక్క కూడా ఉన్నది. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువ ఉన్నవాటిని బడిల గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపట గానీ పిల్లలకు అమ్మొద్దని 2020ల నిబంధనలు వచ్చినయ్. టేపు పట్టి 50 మీటర్లు కొలుసుడు మంచి లెక్కల పాఠం. కొలిచినంక దుకాణం అన్నతోని కొట్లాట పెట్టుకోవద్దు. "అన్నా, ఫ్రిజ్‌ల ముందటి వరుసల నీళ్లు, సల్ల పాకెట్లు పెట్టు, మేం కొంటం" అని పిల్లలే పోయి అడిగితే ఎక్కువ పని అయితది.

తిట్టుడు తోని కాదు

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఇంట్ల చిన్నోళ్లకు చెప్పాల్సింది ఇగ మీరే. బాపు చెప్తే భయపడుతరు, సారు చెప్తే బట్టీ పడుతరు. మీరు తాగేది చూసి మాత్రం అదే తాగుతరు.

"అది విషం, ముట్టకు" అంటే పిల్లకు దాని మీదనే మనసు పోతది. "నువ్వే చదివి చెప్పు, అండ్ల ఎన్ని చెంచాలు?" అంటే పిల్ల మాస్టరైతది. దుకాణం కాడ రెండు సీసాలు చేతికిచ్చి ఏండ్ల తక్కువున్నదో కనిపెట్టమనున్రి. మన రూలు ప్రకారం డ్రింకుల 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాముల లోపుంటేనే 'లో షుగర్' అని రాసుకోవాలె. ఆ అంకె యాది ఉంటే చాలు, ప్రకటనల హీరో ఎంత ఎగిరి దూకినా పిల్ల మోసపోదు. లావు ఉన్న పిల్లను మాత్రం పదిమందిల "నువ్వు తాగకే" అని ఎక్కిరియ్యొద్దు. ఆ సిగ్గుతోని చాటుకు తాగుడు నేర్చుకుంటది. 'జీరో' సీసాలకు మారుడు కూడా దారి కాదు. బరువు తగ్గుడుకు చక్కెర లేని తీపి మందులను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల చెప్పింది. నాలుక తీపికి అలవాటు పడుడు తగ్గాలె, అసలు పని అది.

మరి ఏం తాగాలె? ముందు నీళ్లు. పోరడు సీసా కొనేది చానాసార్లు తీపి కోసం కాదు, సల్లదనం కోసం. బడిల నల్లా నీళ్లు ఎండకు కాగిపోతే వాడు ఫ్రిజ్ దిక్కే పోతడు. కాబట్టి బడికి రంజన్లు అడుగున్రి, పంచాయతీని అడుగున్రి, పూర్వ విద్యార్థులు కలిసి కొనియ్యున్రి. రెండు రంజన్ల ఖర్చు ఒక్క దావత్‌ల తాగే కూల్‌డ్రింకుల ఖర్చు కన్నా తక్కువ. తర్వాత సల్ల, ఉప్పు జీలకర్ర ఏసి. జొన్న అంబలి, గంజి. కొబ్బరి బోండం దొరికితే అది. నిమ్మకాయ నీళ్లల్ల చక్కెర ఒక చెంచాతోని ఆపి, ఉప్పు చిటికెడు. గోండు గూడేలల్ల ముసలోళ్లు ఎండల పనికి పోయేటప్పుడు జొన్న జావ తాగి పోయేది, అది ఆకలిని, దాహాన్ని రెండిటిని ఆపేది. ఇప్పుడు దాన్ని పట్నపోళ్లు మిల్లెట్ డ్రింకని కొనుక్కుంటున్నరు, మన పిల్లలు సిగ్గుపడుతున్నరు. ఇంకో మాట నిజంగ చెప్పాలె. బెల్లం పానకం, చెరుకు రసం కూడా చక్కెరే. మనయి అయినంత మాత్రాన చెంచాలు తగ్గయ్. పండుగకు తాగున్రి, దినాం వద్దు.

సుట్టం ఇంటికి వస్తే పోరన్ని దుకాణానికి ఉరికించి పెద్ద సీసా తెప్పిచ్చుడు ఇప్పుడు మర్యాద అయ్యింది. సల్ల ఇస్తే చిన్నతనం అనుకుంటున్నరు. ఈ మర్యాదను మార్చుడు పిల్లల చేతుల లేదు, పెద్దోళ్ల చేతుల ఉన్నది. మీ ఇంట్ల వచ్చే పెండ్లికి, పుట్టినరోజుకు బల్ల మీద ఏం పెట్టాలో మాట్లాడేటప్పుడు నోరు తెరువున్రి.

ఈ వారం పని చిన్నదే. మీ ఇంటికాడ పడి ఉన్న ఒక ఖాళీ సీసా, ఒక చాయ చెంచా, చక్కెర డబ్బా తీసుకోన్రి. ఇంట్ల చిన్నోన్ని కూసోబెట్టి లెక్క వానితోనే చేపియ్యున్రి. కుప్ప పోసినంక మీరేం మాట్లాడకున్రి. ఆ కుప్పను చూసి వాడు ఏమంటడో ఇనున్రి. వాడు అడిగే మొదటి ప్రశ్న కాడనే అసలు పాఠం మొదలైతది.